గురి తప్పని పైలట్

"వెయ్యవేందిరా దేవ్లా? బటన్ నొక్కు!" డ్రోన్ కంపెనీ సూపర్‌వైజర్ వెంకటప్పయ్య చెవి దగ్గరే అరిచాడు.

డ్రోన్ నడిపే దేవ్లా వేలు కదల్లేదు. సారపాక ఊరు దాటాక అడవి అంచున చెట్లు కొట్టి సాగు చేసుకున్న పోడు చెలక ఒకటి రిమోట్ తెర మీద కనిపిస్తోంది. దాని నడుమ ఒక ముసలామె రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. డ్రోన్ కింది డబ్బా నిండా విత్తన బంతులు. మట్టి ఉండల్లో టేకు గింజలన్నమాట. అవి పడి మొలిస్తే చెలక అడవి లెక్కలోకి పోతుంది. ఇక ఆమెకు పట్టా రాదు, తిండీ ఉండదు.

"సార్, మనిషి ఉంది."

"ఉంటే ఏంది? రెండో ప్రపంచ యుద్ధంల జర్మనీ డైవ్ బాంబర్ పైలట్ ఒకడుండె. విమానాన్ని నిట్టనిలువున దించి, వంతెన మీద బాంబేసి మళ్ల లేపెటోడు. ఎన్నిసార్లు కూలినా కట్టు గట్టుకోని ఎక్కిండు. ఛాతీ నిండ మెడల్సే! పైలట్ అంటే గట్లుండాలె."

"కింద ఎవరున్నరో చూసెటోడా సార్?"

"చూస్తే ఎట్ల వేస్తడు? నొక్కుతవా, ఇంటికి పోతవా?"

దేవ్లా కళ్లు మూసుకుని నొక్కాడు. ఒక్క ఉండా చెలక గట్టు దాటి బయట పడలేదు. సార్ భుజం తట్టాడు గానీ, దేవ్లా తెచ్చుకున్న సద్ది విప్పకుండానే ఇంటికి మోసుకుపోయాడు. ఛీ, ఇదీ ఒక కొలువేనా!

ఇరవై రోజులకు మొలకల ఫొటోలు తెమ్మని కంపెనీ అతన్నే పంపింది. చెలకలో ఆ ముసలామే కలుపు తీస్తోంది. పేరు సక్రి అట. దేవ్లా చేతులు జోడించాడు.

"అవ్వా, గా డ్రోన్ నడిపింది నేనే. తప్పయింది. ఒక్క మొక్క మిగలకుంట పీకి పోత."

అంటూనే వంగి ఒకటి పట్టుకున్నాడు.

"పీకకు! చేతులు ఇరగ్గొడత!" సక్రి కొడవలి ఎత్తింది.

దేవ్లా అదిరిపడ్డాడు. "టేకు మొక్క అవ్వా ఇది!"

"కంది మొక్క గుర్తువట్టవు, ఏం తండా పిల్లగానివిరా?"

దేవ్లా మొక్కను చూశాడు. చెలకంతా చూశాడు. అమ్మో! గట్టు నుంచి గట్టు దాకా కందే!

"మరి... గా రోజు వద్దని చేతులెందుకు ఊపితివి?"

"వద్దని కాదు కొడుకా. పై మూల ఇడవకు, అటు గూడ వెయ్యుమని." సక్రి మళ్లీ కలుపు తీయడానికి కూర్చుంది. "ఉండల్ల గింజలు పెట్టే కూలికి మీ కంపెనీ పిలిచింది మా తండా ఆడోళ్లనే గద!"