అందరికీ వినిపించింది

పెళ్లిళ్లకు మైకుసెట్లు అద్దెకిచ్చే నరసింగరావు తన సరుకును ఊరికే ఇచ్చింది జీవితంలో ఆ ఒక్కరోజే. పీహెచ్‌డీలో చేరేవాళ్లకు ఇంగ్లిషు విని అర్థం చేసుకునే పరీక్ష పెడుతూ, యూనివర్సిటీవాళ్లు హెడ్‌ఫోన్ల కోసం శ్రీకాకుళమంతా వెతికారు. అద్దె అక్కర్లేదన్నాడు. పరీక్ష రాసేవాళ్లలో ఆయన కూతురు అనూరాధ కూడా ఉంది. లాభం ఎటునుంచి రావాలో ఆయనకు తెలుసు.

కళింగపట్నం ఎండుచేపల వ్యాపారం మీద పరిశోధన చేస్తానంటుంది అనూరాధ. ఎండుచేపల సంగతి తేల్చాలంటే ముందు దొరల మాట అర్థం కావాలని నియమం. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తానని గైడు తేల్చేశాడు.

తెల్లవారగానే నరసింగరావు దుకాణంలో పాట పెట్టి, హెడ్‌ఫోన్లన్నీ ఒక్కొక్కటే చెవికి ఆనించుకుని సరిచూశాడు. అన్నిటిలోకీ మేలైనదానికి ఎర్రదారం కట్టాడు.

"ఎర్రదారం ఉన్న కాడ కూకో. దొర గొంతు తిన్నగా సెవిలోకి దిగిపోతాది," అన్నాడు కూతురితో.

"తప్పు కదా నాన్నా?"

"తప్పేటి? కొట్టులో మంచి బియ్యం ఇంటికి ఉంచుకోరేటి?"

హాలు గుమ్మంలో పరీక్ష పెట్టే ప్రొఫెసరు ఆయన్ని ఆపేశాడు. అభ్యర్థి తండ్రి లోపలికి రాకూడదు, పెట్టెలిచ్చేస్తే మా అటెండరే బిగించుకుంటాడన్నాడు. అద్దె ఇవ్వకుండా సరుకు తీసుకున్నవాడికి నియమాలు బాగా గుర్తుంటాయి. నరసింగరావు కిటికీ బయట నిలబడ్డాడు.

పరీక్ష మొదలైంది. ప్రసంగం ఉన్న లాప్‌టాప్ తెర మీద ఆకుపచ్చ గీతలు గెంతుతున్నాయి. ప్రొఫెసరు తనూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. విన్న ప్రసంగాన్ని సొంత మాటల్లో రాయాలి. 'సముద్రాలు, వాతావరణం' అని విషయం కాగితం మీదే అచ్చు వేశారు. కలాలు పరుగెడుతున్నాయి.

అనూరాధ ఒక్కతే లేచి ఏదో అంది. ప్రొఫెసరు మిగతావాళ్లను చూపించి ఏదో అన్నాడు. హాలంతా నవ్వింది. అనూరాధ కూర్చుంది. కిటికీ బయట నరసింగరావు తల దించుకున్నాడు.

పరీక్ష అయ్యాక ముందుగా ప్రమోద్ బయటికొచ్చాడు. వాడూ అదే సీటు కోసం కాచుకున్నవాడే.

"ఏటి బాబాయ్, సెట్టు అదిరింది. ఆ మేడమ్ గొంతు తేనే అనుకో."

వెనకే ఝాన్సీలక్ష్మి వచ్చింది. "ఆయన కూసింత స్పీడుగా సెప్పాడు గానీ, నాకు ఒక్క ముక్కా పోలేదు."

ఆడమనిషి ఒకరు, మగవాడొకరు మాట్లాడి ఉంటారని లెక్క వేసుకున్నాడు నరసింగరావు. ప్రొఫెసరైతే భుజం తట్టి మరీ చెప్పాడు.

"ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదండీ. వచ్చే ఏడూ మీరే ఇవ్వాలి."

సాయంత్రానికి ఫలితాలు గోడకెక్కాయి. ఒక్కరు తప్ప అందరూ గట్టెక్కారు.

"మీ అమ్మాయి తెల్లకాగితం ఇచ్చింది. సీటు ప్రమోద్‌కి వెళ్తుంది," అన్నాడు ప్రొఫెసరు.

పెట్టెలన్నీ ఆటోకెక్కించి తండ్రీ కూతుళ్లు దుకాణానికి బయల్దేరారు.

"ఏటే ఇది?" అన్నాడు నరసింగరావు.

"నాకేటీ వినపడ్నేదు నాన్నా. అదే సెప్పాను. అందరూ రాస్తన్నారు, నీకొక్కదానికేటి అన్నారు."

"మరి ఆళ్లకెలా వినపడింది? మేలు సరుకు నీకిచ్చాను. సెవులు కూడా నేనే ఇవ్వాలా? పోనీ, తోసిందేదో రాసీలేకపోయావా?"

"విన్నది రాయమన్నారు. విననిది ఎలా రాస్తాను?"

ఇలాంటి మనిషి వ్యాపారానికి కూడా పనికిరాదని నరసింగరావుకు తేలిపోయింది. ఇక మిగిలింది చెవుల డాక్టరే. రేపే విజయనగరం తీసుకెళ్తానన్నాడు. కూతురు ఆటోలోంచి బయటికి చూస్తూ కళ్లు తుడుచుకుంది.

షట్టరెత్తి మొదటి పెట్టె లోపల పెడుతుంటే, పొద్దున్న సరిచూశాక తన చేత్తోనే మేకుకు తగిలించిన వైరు, లాప్‌టాప్‌లోని మాటను హెడ్‌ఫోన్లన్నిటికీ చేర్చే ఒకే ఒక్క వైరు, గోడకు అలాగే వేలాడుతూ నరసింగరావుకు కనిపించింది.