ఒంటికన్ను రొయ్య

జాలర్ల పాలెం పెద్దకాపు హజరత్తయ్య పంచాయితీలో రొయ్యను తోకపట్టి అందరికీ చూపించాడు. దానికి ఒక కన్ను లేదు.

"ఇది మన సముద్రంలో పుట్టింది కాదు. చెరువుల్లో పెంచే పరాయి రొయ్య, వనామీ. గుడ్లు తొందరగా పెట్టాలని హేచరీలో తల్లి రొయ్యకి ఒక కన్ను కోస్తారు. అట్టా కోసిన రొయ్య మన వలలో ఎట్ట పడింది?"

వాకాడు దగ్గరి ఆ పాలెంలో కొంతకాలంగా ఇదే గొడవ. వలలో సముద్రపు తెల్లరొయ్య తగ్గింది. పరాయి రొయ్య పెరిగింది. సముద్రం సరుకని బుట్ట దించితే, చెరువు సరుకు తెచ్చి మోసం చేస్తున్నారని సంతలో ఆడవాళ్లను తిడుతున్నారు.

గుడ్లు అయిపోయిన తల్లి రొయ్యల్ని సున్నం గుంటలో పూడ్చడం హేచరీలో మస్తాన్ పని. అతను అందరి మధ్యలో తల దించుకుని నిలబడ్డాడు. తప్పు తేలితే దురాయి వేస్తారు. ఆ ఇంటితో ఎవరూ మాట కలపరు. అతన్ని ఎవరూ పడవ ఎక్కించుకోరు.

మాలకొండమ్మ ఆడవాళ్ల వెనక కూర్చుంది. అదే హేచరీలో ఆమె తొట్లు కడుగుతుంది. వరసకు తమ్ముడని మస్తాన్‌ను పనిలో పెట్టించింది ఆమే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ తమ్ముడు బాగా నిలబెట్టినాడక్కా నీ పేరు," అంది పక్కనున్న ఉష.

"ఊరుకోవే."

"ఏరా, గుంట తవ్వడానికి నడుం వంగలేదా?" ఎవరో అడిగారు. "సముద్రం మీ ఇంటి పెంటదిబ్బనుకున్నావా?"

కొందరు నవ్వారు. మస్తాన్ భార్య వినీల బిడ్డను చంకనేసుకుని మాలకొండమ్మ దగ్గరికి వచ్చింది.

"నువ్వన్నా చెప్పు వదినా. ఈయన అట్టాంటోడు కాదని చెప్పు."

మాలకొండమ్మ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.

"అవును, ఆమెనే అడుగుదాం," అన్నాడు హజరత్తయ్య. "మాలకొండమ్మా, రోజూ అక్కడ ఉండేదానివి. వీడు తల్లి రొయ్యల్ని గుంటలో పూడ్చినాడా, లేదా?"

ఆమె లేచింది. మస్తాన్ ఒకసారి తలెత్తి ఆమె వైపు చూశాడు. మళ్లీ దించుకున్నాడు.

"పూడ్చలేదు."

"గట్టిగా చెప్పు."

"పూడ్చలేదన్నా."

దురాయి వేశారు. మస్తాన్ ఎదురు చెప్పలేదు. భార్య చేతిలోంచి బిడ్డను తీసుకుని ఇంటిదారి పట్టాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఉష చీర చెంగు కూడా దగ్గరకు లాక్కుంది.

"సొంత మనిషని చూడకుండా నిజం చెప్పినావు తల్లీ," అన్నాడు హజరత్తయ్య.

మాలకొండమ్మ తల పైకి లేవలేదు.

గుడ్లు పెట్టిన తల్లిని చంపితే గంగమ్మ మన్నించదురా అంటూ, మస్తాన్ వద్దంటున్నా వినకుండా అతని చేతిలోంచి బుట్ట లాక్కుని, ఆ రొయ్యల్ని సముద్రంలో వదిలి వచ్చింది మాలకొండమ్మే.