వందకు వంద

తెల్లవారినప్పటి నుంచీ ముసురు. పార్టీ ఆఫీసు మేడమీది గదిలో ఆమె పని, టికెట్టు అడిగినవాళ్ల పేర్లను జనం నెట్‌లో ఎంతగా వెతుకుతున్నారో చూసి, గంటగంటకూ వందకు మార్కులు వేసి బోర్డు మీద రాయడం. సాయంత్రం టికెట్టు ఆ అంకెల్ని బట్టే.

వాళ్లలో ఏనాడూ పదిహేను దాటని పెద్దాయన పేరు ఆ పొద్దున వందకు చేరింది.

"చూశావా అమ్మాయ్! మా బావ పేరు ఊరూవాడా మోగిపోతోంది," అన్నాడు పెద్దాయన బావమరిది.

"మీ బావగారి మీద మోజుతో కాదండీ. నిన్న ఆయన కారు గుద్దిన పాప బతికిందా అని వెతుకుతున్నారు. నేనూ మూడుసార్లు వెతికాను."

"నీ నోట్లో పంచదార పొయ్య! ఇంకో మూడుసార్లు వెతుకు. తిట్టుకుంటూ వెతికినా అంకె అంకేగా."

"ఆస్పత్రివాళ్లు ఒక్క ముక్కా చెప్పరేంటండీ?"

"సాయంత్రం దాకా చెప్పొద్దన్నాను. తెలిసిపోతే ఇంకెవరు వెతుకుతారమ్మా?"

ఆమె బోర్డు మీది వందను అరచేత్తో తుడిచేసింది. అతను నవ్వుతూ మళ్లీ రాశాడు.

పదకొండింటికి ఆమె పని మానేసి వెళ్లిపోయింది. నాలుగింటికి పెద్దాయనకు టికెట్టు ఖాయమైంది. నాలుగుంబావుకు ఆస్పత్రివాళ్లు చెప్పారు.

పాప తెల్లవారుజామున అయిదింటికే పోయింది.