నాలుగు చుక్కల గీత

సాయంత్రం చెప్పిన మాట భార్యకు తెల్లారేసరికి గుర్తుండని రోజు ఎప్పుడొస్తుందో అతను గ్రాఫ్ కాగితం మీద గీసి చూసుకున్నాడు.

చేతిలో ఉన్నవి నాలుగు చుక్కలే. మూడు నెలలకోసారి డాక్టరు పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షలో ముప్పైకి ఆవిడ తెచ్చుకున్న మార్కులు: ఇరవై ఎనిమిది, ఇరవై ఐదు, ఇరవై రెండు, పంతొమ్మిది. స్కేలు పెట్టి కలిపితే ఒక్కటీ పక్కకు జరగలేదు. గణాంక శాఖలో జనాభా అంచనాలు వేసి వేసి రిటైరైన మనిషి అతను. ఇంత బుద్ధిమంతులైన చుక్కల్ని సర్వీసు మొత్తంలో చూడలేదు.

"నాలుగింటిని పట్టుకుని గీత పొడిగించేయకండి సార్," అన్నాడు డాక్టరు. "స్కానింగ్‌లో అంతా వయసుకు తగ్గట్టే ఉంది. నాకే అంతుపట్టడం లేదు."

"మీ వైద్యం మీది, మా లెక్క మాది," అని నవ్వేశాడు.

పది మార్కులకు దిగితే నిన్నటి మాట ఇవాళ్టికి నిలవదని ఆ డాక్టరే ఓసారి నోరు జారాడు. గీత ప్రకారం దానికింకా తొమ్మిది నెలలుంది.

అతను ఎదురుచూస్తున్నది ఆ రోజు కోసమే. పెళ్లయిన కొత్తలో ఆవిడ లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లింది. లెక్కల్లో యూనివర్సిటీ ఫస్టు. అయినా ఆర్డరు రాలేదు. "నిజంగా రాలేదాండీ?" అని ఏటా ఒక్కసారైనా అడిగేది. "వస్తే దాచుకు తింటానా?" అని కసిరేవాడు. ముప్పై నాలుగేళ్ల ఆ బరువును ఆవిడ ముందే దించుకోవాలి, మర్నాడు మళ్లీ ఆవిడ మొహం చూడగలగాలి. పిరికితనానికి కూడా తెలివితేటలు కావాలి.

తొమ్మిది నెలలూ ఓపిక పట్టాడు. ఐదో పరీక్షకు తీసుకెళ్లలేదు. గీత ఉండగా పరీక్షెందుకు? ఇంట్లో ఆవిడా గీత దాటలేదు. పాలు పొంగించేది, తాళాలు పారేసేది, పక్కింటావిడని పేరు అడిగేది.

లెక్క చెప్పిన రోజు రానే వచ్చింది. సాయంత్రం వరండాలో బట్టలు మడతపెడుతున్న ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"నీ ఉద్యోగం ఆర్డరు వచ్చింది. నేనే చించేశాను. నాకంటే నీకు ఎక్కువ జీతమంటే తట్టుకోలేకపోయాను. నన్ను క్షమించు."

ఆవిడ చేతిలో చొక్కా జారింది. వంగి తీసుకుని మళ్లీ మడతపెట్టింది.

"ఏ ఉద్యోగం?" అంది చివరికి.

మర్నాడు కాఫీ తాగుతూ అడిగాడు. "నిన్న సాయంత్రం నీకేం చెప్పాను?"

"నిన్న మీరు ఇంట్లో ఉన్నారా?"

హమ్మయ్య అనుకున్నాడు. చెప్పులేసుకుని, ఈల వేసుకుంటూ వాకింగ్‌కు బయల్దేరాడు.

అతను వీధి మలుపు తిరిగాక ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసింది: "ఆ ఆర్డరు చించింది తనేనని మీ బావ తన నోటితోనే ఒప్పుకున్నాడే, నేను లెక్కగట్టి తెచ్చుకున్న ఆ నాలుగు పరీక్షల మార్కులూ ఊరికే పోలేదు."