తప్పు తేలిన చోటు

అడవి ఆసుపత్రిలో కోతి డాక్టరు, కుందేలు విరిగిన కాలు వదిలేసి బాగున్న కాలికి కట్టు కట్టాడు. కుందేలు ఫిర్యాదు రాసి పెట్టెలో వేసింది. ఆ పెట్టె తాళంచెవి డాక్టరు మెడలోనే ఉంది. మర్నాడు ఆయనే కళ్లజోడు పెట్టుకొచ్చి, "విచారణ చేశానమ్మా. డాక్టరు తప్పేమీ లేదని తేలింది" అన్నాడు.

పక్క మంచం మీది ముసలి తాబేలు, "పెట్టెలో ఎలా తేలింది నాయనా? తేలాలంటే నీళ్లలో వేయాలి కదా" అంది.

కుందేలు కుంటుకుంటూ చెరువుకు వెళ్లింది. ఆసుపత్రితో ఏ సంబంధమూ లేని బాతు, నీళ్లకొచ్చిన వాళ్లందరి ముందూ ఫిర్యాదు విని, రెండు కాళ్లూ చూసి, తప్పు డాక్టరుదేనని తేల్చింది.

ఇప్పుడు కోతి డాక్టరు చెయ్యి వేసే ముందు ప్రతివాళ్లనీ "ఏ కాలమ్మా?" అని రెండుసార్లు అడుగుతున్నాడు. నిన్న తలనొప్పితో వచ్చిన పామును కూడా అడిగాడు.