ఒక్క పూట సీనియారిటీ

"ఇతనికంటే నేనే సీనియర్ని సార్!" అనేశాడు అటెండరు. మూడేళ్ళుగా అర్జీల్లో రాస్తూ వచ్చిన మాట, ఇవాళ్టికి నోటితో అన్నాడు.

ఆఫీసరు ఫైల్లోంచి తలెత్తి, ఎదురుగా నిలబడ్డ ఇద్దర్నీ చూశాడు. ఒకడు అటెండరు, యాభై తొమ్మిదేళ్ళవాడు. రెండోవాడు పొట్టి గుమాస్తా. మూడేళ్ళ కిందటిదాకా వాడూ అటెండరే. గుమాస్తా పోస్టు ఒకటి ఖాళీ అయితే, సీనియారిటీ లిస్టులో ముందున్నాడని వాణ్ణి అందులో కూర్చోబెట్టారు. ఆ రోజునుంచీ అటెండరు అర్జీలు పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగితే, ఇవాళ్టికి విచారణ అన్నారు. అతనికి మిగిలింది ఏడాది సర్వీసు. ఆ ఏడాదైనా తలుపు బయట స్టూలు వదిలి, లోపల కుర్చీలో కూర్చోవాలని అతని ఆశ. బెల్లు మోగినప్పుడల్లా మేడమెట్లు ఎక్కి దిగడం ఇంక ఆ మోకాళ్ళ వల్ల కాదు.

"ఇద్దరూ ఒక్కరోజే చేరారుగా?" అన్నాడు ఆఫీసరు.

"చేరాం సార్. కానీ అతను ఉదయం చేరినట్టూ, నేను మధ్యాహ్నం చేరినట్టూ రాశారు. ఆ ఒక్క పూటతో నన్ను వెనక్కి నెట్టేశారు. నిజానికి ఆఫీసు తలుపులు తియ్యకముందే వచ్చి నిలబడ్డవాణ్ణి నేనే."

"మరి సంతకం మధ్యాహ్నం ఎందుకు పెట్టావయ్యా?"

"అప్పటి హెడ్డు గుమాస్తాగారు, సంతకానిదేముందోయ్, ముందు ఈ ఇనప బీరువా మేడమీదకి చేర్చు అన్నారు సార్. చేర్చి కిందకి దిగేసరికి భోజనాల వేళ దాటిపోయింది."

ఆఫీసరుకి నవ్వొచ్చింది. అది కనపడకుండా బెల్లు కొట్టాడు. అంతే, అటెండరు "సార్!" అంటూ ఒక్క ఉదుటున బయటికెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చాడు. ఒకటి ఆఫీసరుకి, రెండోది పొట్టి గుమాస్తాకి. ఇచ్చాక గానీ తట్టలేదు, ఈ గదిలో ఇవాళ తను నౌకరు కాదు, ఫిర్యాదీ అని. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నువ్వెందుకన్నా తేవడం..." అని గొణిగాడు పొట్టి గుమాస్తా. వాడు మంచివాడే. అక్కడే వచ్చింది అసలు చిక్కు! చెడ్డవాడైతే ఈ మూడేళ్ళూ నాలుగు తిట్లు తిట్టుకునైనా మనసు చల్లబరుచుకునేవాడు.

"సరే, సాక్ష్యం ఏమన్నా ఉందా?"

అటెండరు చొక్కాజేబులోంచి పసుపు తిరిగిన కాగితం తీసి, రెండు చేతులతో బల్లమీద పెట్టాడు. నెల్లాళ్ళు పాత రికార్డుల గదిలో దుమ్ము మింగి వెతికిన రశీదు అది. 'బీరువా ఒకటి, ఉదయం తొమ్మిదిన్నరకి ముట్టినది' అని రాసి ఉంది. కింద అతని సంతకం, ఆ రోజు తేదీ.

ఆఫీసరు దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. హాజరు పుస్తకం తెప్పించాడు. పొట్టి గుమాస్తా సంతకం పదిన్నరకి ఉంది.

"ఆఫీసు తరఫున సంతకం పెట్టించుకుని, బరువు మోయించుకుని, ఇంకా చేరలేదంటే ఎలా?" అని కలం తీశాడు. "నువ్వే సీనియర్వి. పోస్టు ఖాళీ అయిన రోజునుంచీ గుమాస్తావి నువ్వు. ఇతను మళ్ళీ అటెండరు. దీనిమీద ఇంక అప్పీలు లేదు. సమ్మతమేనా?"

"సమ్మతం సార్, సమ్మతం!" అటెండరు కళ్ళు తుడుచుకుంటూనే సంతకం చేశాడు. పొట్టివాడు కూడా చేశాడు. చెయ్యక ఏం చేస్తాడు పాపం!

ఇద్దరూ మేడ దిగి గుమాస్తా బల్ల దగ్గరికొచ్చారు. పొట్టివాడు సొరుగులోంచి తన కళ్ళజోడూ, టిఫిను డబ్బా తీసుకున్నాడు. భుజంమీది తువ్వాలుతో కుర్చీ దులిపాడు. "కూర్చో అన్నా" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఈ కాలు కాస్త ఊగుతుంది, చూసుకో" అని కూడా చెప్పాడు. అటెండరుకి ప్రాణం ఉసూరుమంది.

కుర్చీ అంచున కూర్చున్నాడు. బెల్లు మోగింది. ఇద్దరూ కదిలారు.

"నువ్వుండన్నా, అది నాకు" అని పొట్టివాడు మెట్లెక్కాడు.

అటెండరు ఇంటికి ఫోను చేశాడు. "ఏమేవ్, కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నా."

"చేతులున్న కుర్చీయేనా?" అంది భార్య.

"చేతులున్నదే."

అవతల ఆవిడ ముక్కు చీదిన చప్పుడైంది. "హమ్మయ్య! ఈ ఏడాదైనా ఆ మోకాళ్ళకి కాస్త విశ్రాంతి. రాత్రికి కాళ్ళు నేను పడతాలెండి, ముందు మీరు వెనక్కి ఆనుకుని కూర్చోండి."

అతను వెనక్కి ఆనుకున్నాడు. ముప్పయ్యేళ్ళ తరవాత వీపుకి ఏదో ఆనింది. ఆ సుఖానికి కళ్ళు మూసుకున్నాడు.

"బాబాయ్!" అన్న పిలుపుకి తెరిచాడు. సర్వీసు రిజిస్టర్లు చూసే మేడం, అతని రిజిస్టరు గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది.

"రామ్మా! ఆర్డరు ఎక్కించావా?"

"ఎక్కించాను బాబాయ్. మూడేళ్ళ కిందటి తేదీతోనే ఎక్కించాను." ఆమె మొహం చూస్తే ఏడుపొక్కటే తక్కువ. "మీరు... ఒకసారి లేస్తారా?"

"ఇప్పుడేగా తల్లీ కూర్చున్నాను! ఎందుకూ?"

"నేనేం చెయ్యను బాబాయ్, సార్ సంతకం అయిపోయింది. అటెండర్లకైతే అరవై గానీ, గుమాస్తాలకి యాభై ఎనిమిదే. ఆ లెక్కన మీరు రిటైరై ఏడాది దాటిపోయింది."