పావుగంట నిలిచిన వైన్

ఆ వైన్‌ని చంపింది వయసు కాదు. మీరు.

సీసాలతో సహా నేలమాళిగను కొనుక్కున్న యజమానిగారూ, మీరు. వచ్చినవాళ్ళకి వైన్ రుచులు వర్ణించి చెప్పే కోటు నిపుణుడుగారూ, మీరు కూడా.

జరిగింది చెబుతాను. కాదనండి చూద్దాం.

మంగళవారం మంగళవారం ఆ నేలమాళిగలో ఒక పాత రెడ్ వైన్ సీసా తెరిచేవారు. మరుసటి ఏడాదికి ఆ వైన్‌కి నలభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు పెద్ద విందు. ఈలోగా జనాన్ని ఊరించడానికి ఈ వారం వారం తంతు. టిక్కెట్టు తీసుకున్నవాళ్ళకి తలా నాలుగు గుక్కలు.

ఒక పెద్దావిడ ఒక్కతే వచ్చేది. పొడుగాటి బల్లకి ఆ చివర కూర్చునేది. గ్లాసు మెల్లిగా తిప్పి, వాసన చూసి, ఒక్క గుక్క తాగి, చేతి వాచీ చూసుకునేది. కాసేపాగి ఇంకో గుక్క. మళ్ళీ వాచీ.

పనివాళ్ళు ఆమెకి గడియారం పిన్ని అని పేరు పెట్టారు.

"పిన్నిగారూ, బస్సుకి టైమైందా?" అన్నాడు నిపుణుడు.

"బస్సుకి కాదు నాయనా. దీనికి."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ వారం మొత్తంలో ఆమెను పలకరించినవాడు అతనొక్కడే.

అయిదో వారం ఆమే అడిగింది.

"ఒక్క పావుగంట నా పక్కన కూర్చుంటావా? ఇద్దరం తాగుదాం. పాత వైన్ ఒక్కళ్ళకే పూర్తిగా దొరకదు. నీ ముక్కుకి అందింది నాకు అందదు."

"అవతల ఇరవై మంది ఉన్నారు పిన్నిగారూ. అందరూ ఇలా పిలిస్తే నేనేమైపోవాలి?"

వెళ్ళిపోయాడు. పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ మీద ఆమె తన చేతిసంచి పెట్టుకుంది.

ఎనిమిదో వారం తెల్ల కాగితం మీద గ్లాసు వంచి పట్టుకుంది.

"ఆ అంచు చూడు. ఇటుక రంగు దాటిపోయి మట్టి రంగులోకి దిగుతోంది. నాలుక్కి తగలాల్సిన వగరు లేదు. నేనొచ్చిన మొదటి వారం గ్లాసులో పోశాక గంటసేపు నిలిచింది. ఇవాళ పావుగంట. ఆపైన పుల్లనీళ్ళే."

"పాతది కదండీ, అలాగే ఉంటుంది."

"పాతబడడం వేరు, పోవడం వేరు నాయనా."

పదకొండో వారం యజమానే వచ్చాడు. ఆమె లేచి నిలబడింది.

"వచ్చే ఏడాదిదాకా ఆగకండి బాబూ. ఈ నెలలోనే అన్నీ తెరిచెయ్యండి. ఎవరికో ఒకరికి పొయ్యండి. విందుదాకా ఇది బతకదు."

యజమాని గోడ వైపు చూపించాడు. అక్కడ అద్దం కట్టిన కాగితం ఒకటి ఉంది. చేత్తో రాసింది. నేలమాళిగ చేతులు మారినప్పుడు సీసాలతో పాటు వచ్చింది.

"ఈ వైన్ తయారుచేసినవాళ్ళు రాసిపెట్టారమ్మా. ఏ ఏటిది ఎప్పుడు తెరవాలో అన్నీ ఉన్నాయి. దీనికి నలభై అని ఉంది. నలభై అంటే నలభయ్యే."

"కాగితం తప్పు."

"ఏమన్నారు?"

"రాసినవాళ్ళకి అప్పట్లో పొగరు. తాము చేసిన వైన్‌కి చావు లేదనుకున్నారు."

నిపుణుడి మొహం మాడిపోయింది.

"పెద్దవాళ్ళని అలా అనకండి పిన్నిగారూ. వాళ్ళ కాలిగోటికి సరిపోం మనం."

"అసలు మీరెవరండీ?" అన్నాడు యజమాని.

"ఎవర్నయితే ఏంటి? నన్ను నమ్మొద్దు. మీ నాలుకని నమ్మండి. ఒక్క గుక్క తాగి చెప్పండి చాలు."

గ్లాసు ఆయన ముందుకి జరిపింది. ఆయన ముట్టుకోలేదు.

"వచ్చే వారం నుంచి రాకండమ్మా. మిగతావాళ్ళకి ఇబ్బందిగా ఉంది."

ఆమె కూర్చుని, మిగిలిన గుక్క నిదానంగా తాగింది. వాచీ చూసుకోలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళిపోయింది. చెయ్యి అందించినవాళ్ళు లేరు.

ఏడాది తిరిగింది. రెండొందల మంది విందుకొచ్చారు. బిరడాలు తీశారు. ఒకటి, రెండు, పది. గ్లాసులో గోధుమరంగు నీళ్ళు. వాసన లేదు. నోట్లో పెడితే ఒట్టి పులుపు. కోట్లు తొడుక్కున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆహా అన్నారు. అని, గ్లాసులు బల్లమీద వదిలి ఒక్కొక్కరే జారుకున్నారు.

ఉండిపోయింది పీపాలు చేసే ముసలాయన ఒక్కడే. పాత యజమాని కాలం మనిషి.

"గడియారం పిన్ని అన్నట్టే అయింది," అన్నాడు నిపుణుడు.

"ఏ పిన్ని?"

చెప్పారు. ఒక్కతే రావడం, ఆ చివర కూర్చోవడం, గుక్కకోసారి వాచీ చూసుకోవడం.

ముసలాయన గ్లాసు కింద పెట్టేశాడు.

"పోయిన నెల పోయింది. సాగనంపడానికి ముగ్గురమే వెళ్ళాం. ఎవరని అడగలేదా బాబూ?"

"అడిగాం. చెప్పలేదు."

"చెప్పే రకం కాదు. ఆవిడ పక్కన కూర్చుని ఆ వైన్ తాగి ఉంటే మీకే తెలిసేది."

నేలమాళిగలో ఆ వైన్ తర్వాతి ఏడు చేసిన సీసాలు ఇంకా నూట పది ఉన్నాయి. వాటిలో ఇంకా ప్రాణం ఉంది. కాగితం మీది అంకె చూసుకుంటూ కూర్చోకండి. ఇవాళే తెరవండి. దారినపోయే ఒంటరి మనిషినెవరినైనా పిలిచి, పక్కన కూర్చుని, మీరూ తాగండి. రాసిన మనిషే తన తప్పు దిద్దుకోవడానికి పదకొండు మంగళవారాలు మీ మెట్లు దిగి వచ్చిందే, ఆ కాగితాన్ని ముందు గోడ మీంచి దించండి.